కళ్ళకద్దుకున్న కర్ర

దసరా దగ్గర పడింది. సూరన్న వస్తాదు ఇంకా పేరు చెప్పలేదు. గవర్రాజుకి అన్నం సహించడం మానేసింది.

ఏలేటికి ఇవతలి గట్టున వీళ్ళ గరిడీ, అవతలి గట్టున వాళ్ళ గరిడీ. గరిడీ అంటే పెద్ద కట్టడమేమీ కాదు. తాటాకు కప్పు, తవ్వి మెత్తగా చదును చేసిన ఎర్రమట్టి నేల, గోడకి ఆంజనేయస్వామి పటం. కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి కర్రసాము నేర్చుకునే చోటు. విజయదశమి నాడు అమ్మవారి ఊరేగింపు ముందు రెండు గట్లవాళ్ళూ బజారులో ఎదురెదురుగా నిలబడి ఆడతారు. జట్టుకి ముందు నిలిచి మొదటి ఆట ఆడేవాణ్ణి ముందుకర్ర అంటారు. ముందుకర్ర ఆడినవాడికి ఆ ఏడాదంతా నడకే మారిపోతుంది. టీ కొట్టుకి వెళితే అడక్కుండానే బల్ల తుడుస్తారు.

ఆ గరిడీలో చెయ్యి అంటే గవర్రాజుదే. కర్ర తిప్పితే చుట్టూ గొడుగు పట్టినట్టుండేది. ఆ సంగతి వాడికీ తెలుసు, మిగతావాళ్ళకీ తెలుసు. వస్తాదుకి తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా ఆయన రోజూ అనేది ఒక్కటే మాట.

"సలాము కుదరలేదురా."

అంతకుమించి చెప్పడు. చుట్ట ముట్టించుకుని పీటమీద కూర్చుంటాడు.

సలాము గురించి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. సూరన్నకి విద్య చెప్పిన గురువు ఖాసిం సాహెబు. ఆయన పోయి చాలా కాలమైంది గానీ ఆయన సలాము మాత్రం గరిడీలోనే ఉండిపోయింది. గోడమీద ఆంజనేయుడు, నేలమీద సలాము. ఒకరివల్ల ఒకరికి ఏనాడూ ఇబ్బంది కలగలేదు. వస్తాదు అన్న మాట కూడా ఆ సాహెబు తరంలోంచి వచ్చిందే. ఇప్పుడు ఎవరైనా నోరు పెద్దది చేస్తే 'పెద్ద వస్తాదులా మాట్లాడకు' అంటున్నారు. మాటల రాత కూడా మనుషుల రాతలాంటిదే.

సలాము పద్ధతి ఏమిటంటే, గడప దగ్గర వంగి మట్టి తీసి నుదుట రాసుకోవాలి. స్వామి పటానికి దణ్ణం పెట్టాలి. గోడకి వేలాడే ఖాసిం సాహెబు కర్రకి ఒక దణ్ణం. తరవాత ఆడబోయే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, తమ కర్రని రెండు అరచేతుల మీదా పెట్టి అవతలివాడికి ఇవ్వాలి. వాడు దాన్ని కళ్ళకద్దుకుని తిరిగి ఇవ్వాలి. ముందు ఎడమ కన్ను మూసి ఎడమ కంటికి, తరవాత కుడి కంటికి. అప్పుడు వస్తాదు చప్పట్లు కొడతాడు. ఆట మొదలు.

గవర్రాజుకి మొదట్లో ఇదంతా విసుగ్గా ఉండేది. వాడి ఒంట్లో నిలకడ లేదు. కూర్చుంటే మోకాలు ఊగుతూ ఉండేది. బజారులో వాడికి సైకిలు కొట్టు ఉంది. అక్కడ కూడా ఒక చక్రం బిగిస్తూ ఇంకో బండి చెయిను చూసేవాడు. పంచరు దగ్గర మాత్రం మనిషి మారిపోయేవాడు. గాలి కొట్టిన ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి, అంగుళం అంగుళం జరుపుతూ, బుడగ లేచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఆ సమయంలో పలకరించినా పలికేవాడు కాదు. బుడగ కనిపించగానే మళ్ళీ మోకాలు ఊగడం మొదలు.

గరిడీలో సలాము అంటే ఈగని తోలినట్టు చేసేవాడు. మట్టి నుదుటికి తగిలేదో లేదో, అవతలివాడి కర్ర అందుకోవడం, మొహం ముందు ఊపడం, విసిరినట్టు తిరిగి ఇచ్చెయ్యడం.

"సలాము కుదరలేదురా" అనేవాడు వస్తాదు.

నవరాత్రులు మొదలవుతుండగా వాడికి అర్థమైంది. అర్థమైందనుకున్నాడు. భక్తి చాలలేదు, అదీ లోపం. సరే, భక్తి అంటే ఎలా ఉంటుందో చూపిస్తాను అనుకున్నాడు.

మర్నాటి నుంచి గవర్రాజు ఏట్లో మునిగి తడిబట్టలతో గరిడీకి రావడం మొదలెట్టాడు. గడప దగ్గర వంగడం కాదు, సాష్టాంగ పడేవాడు. పటం ముందు కర్పూరం వెలిగించేవాడు. ఖాసిం సాహెబు కర్ర చుట్టూ ప్రదక్షిణం చెయ్యాలని చూశాడు గానీ అది గోడకి ఉండటంతో కుదరక, ఉన్నచోటనే గిరగిరా తిరిగేవాడు. వస్తాదు కాళ్ళకి మొక్కితే ఆయన లెమ్మనేదాకా లేచేవాడు కాదు. ఇక కర్ర సంగతి చెప్పనక్కర్లేదు. ఆ వెదురు కర్రకి రోజూ పసుపు రాసేవాడు. నిన్నటి పసుపు మీద ఇవాళ్టి పసుపు. దానిమీద కుంకుమ బొట్లు, చివర ఎర్ర దారం. ఎవరి కర్ర ఇచ్చినా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ, పూనకం వచ్చినవాడిలా ఊగుతూ కళ్ళకద్దుకునేవాడు.

వాడితో రోజూ జత కట్టి ఆడేది లోవరాజు. బెల్లం వండే బట్టీలో పని. మనిషి బరువు, అడుగు నిదానం. ఆటలో గవర్రాజుకి ఎప్పుడూ ఆనేవాడు కాదు. సలాములో కూడా పెద్ద శ్రద్ధ ఉన్నట్టు కనపడేది కాదు. ఆవులిస్తూనే కర్ర అందుకునేవాడు. చెరుకుగడ కొనేవాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పేవాడు. బొటనవేలితో కణుపు మీద గీకేవాడు. కన్ను దగ్గర పెట్టుకుని తిరిగి ఇచ్చేసేవాడు. వస్తాదు వాణ్ణి పల్లెత్తు మాట అనేవాడు కాదు. గవర్రాజుకి ఒళ్ళు మండేది అక్కడే.

ఒకరోజు లోవరాజు వాడి కర్ర అందుకుని, "ఏంటి బావా ఇది? కర్రా, పెళ్ళికూతురా?" అన్నాడు. "ఇంత పసుపులో కర్ర ఎక్కడుందో కనపడట్లేదు."

"నీకు బెల్లప్పాకం తప్ప ఏం కనపడుద్దిలే. కళ్ళకద్దుకుని ఇచ్చెయ్యి."

లోవరాజు అద్దుకుని ఇచ్చేశాడు. అరచేతులు పచ్చగా అయితే పంచెకి తుడుచుకున్నాడు. వస్తాదు చప్పట్లు కొట్టాడు. కర్రలు కలిశాయి. నాలుగు దెబ్బలు పడగానే లోవరాజు వెనక్కి జరిగాడు.

"బావా, నీ కర్ర గొంతు మారింది. జలుబు చేసినట్టుంది."

"జలుబు నీ చెవికి చేసుంటది. కాచుకో!"

గవర్రాజు కర్ర గాలిని కోసుకుంటూ వచ్చి లోవరాజు కణతకి బెత్తెడు దూరంలో ఆగింది. సరిగ్గా అక్కడే ఆపడం, అదీ వాడి ప్రతిభ. చూస్తున్న కుర్రాళ్ళు ఈలలు వేశారు. గవర్రాజు వస్తాదు వైపు చూశాడు.

వస్తాదు చుట్ట నోట్లోంచి తీశాడు. "సలాము కుదరలేదురా."

ఆ రోజు గవర్రాజు కొట్టుకి వెళ్ళి ముగ్గురు బేరగాళ్ళతో పోట్లాడాడు. ఒకడి సైకిలుకి వెనక చక్రం బిగించకుండానే పంపించేశాడు. వాడు బజారు మలుపు కూడా తిరక్కుండా పడి తిరిగొచ్చాడు.

మహర్నవమి నాడు ఆయుధపూజ. గరిడీలో కర్రలన్నీ స్వామి పటం కింద వరసగా పేర్చారు. అందరి కర్రలకీ ఆ పూట పసుపు రాశారు. గవర్రాజు కర్ర వాటి పక్కన అమ్మోరిలా ఉంది. పూజ అయ్యాక వస్తాదు ముందుకర్ర పేరు చెప్పడం ఆనవాయితీ. ఆయన భార్య నూకాలమ్మ శనగలు, చలిమిడి పంచింది. అందరూ తిన్నారు. వస్తాదు కూడా తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. చుట్ట వెతుక్కున్నాడు. పేరు మాత్రం చెప్పలేదు.

గవర్రాజు చేతిలో శనగలు చేతిలోనే ఉండిపోయాయి. ఇక ఆగలేకపోయాడు.

"గురువుగారండీ, నాకేం తక్కువండి?"

"ఎవరన్నారురా తక్కువని?"

"మీరేనండి. రోజూ సలాము కుదరలేదంటున్నారు. నాలాగా సలాము చేసేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. తడిబట్టలతో వస్తున్నానండి. మీ కాళ్ళు నేను పట్టుకున్నట్టు ఎవరు పట్టుకుంటున్నారండి?"

నూకాలమ్మ పళ్ళెం దించి నవ్వింది. "నిజమేరా అబ్బాయ్. పొద్దున్నే నువ్వు పట్టుకుంటే ఆయనకి చుట్ట ముట్టించుకోడానికి కూడా తీరట్లేదు."

కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. గవర్రాజు మొహం ఎర్రబడింది.

వస్తాదు మాత్రం నవ్వలేదు. "నీ కర్ర ఇలా ఇవ్వు" అన్నాడు.

గవర్రాజు ఒక్క ఉరుకున పటం దగ్గరికి వెళ్ళాడు. కర్రని తీసి, రెండు అరచేతుల మీదా పెట్టి, నడుము వంచి ఇచ్చాడు. ముందుకర్ర చెయ్యబోయేవాడి కర్రని వస్తాదు తానే కళ్ళకద్దుకోవడం కూడా ఉండేదని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాడు.

వస్తాదు కర్ర అందుకుని ఎడమ కంటికి అద్దుకున్నాడు. ఆయనకి ఆ కన్ను లేదు. పడుచుతనంలో ఒక దసరాకి ఎదటివాడి కర్ర ఆటలో చీలి, పేడు ఎగిరొచ్చి తగిలి పోయింది. ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. రెప్ప మూసుకుపోయి ఉంటుంది. తరవాత కర్రని కుడి కంటి దగ్గరికి తీసుకున్నాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగింది. అలాగే చివరిదాకా జరిపి, వెనక్కి జరిపి, మళ్ళీ అక్కడే ఆపాడు.

లేచాడు. గరిడీ వెనకాల కాళ్ళు కడుక్కునే నీళ్ళ తొట్టి ఉంది. పొడుగాటిది. తిన్నగా దాని దగ్గరికి నడిచి కర్రని నీళ్ళలో ముంచాడు.

"గురువుగారండీ!" గవర్రాజు పరుగెత్తాడు. "పూజ చేసిన కర్రండి! అమ్మవారి పసుపండి అది!"

 వస్తాదు పైపంచె కొంగుతో కర్రని ఒక్కసారి గట్టిగా తుడిచి, రెండు చేతులతో నీళ్ళ అడుగుకి నొక్కిపట్టాడు. పసుపు మేఘంలా పైకి లేచి తొట్టి అంతా పరుచుకుంది. ఎర్ర దారం ఊడి తేలింది.

గవర్రాజుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతోనో అవమానంతోనో వాడికే తెలీదు. ఇన్నాళ్ళ పూజ తొట్టిలో కలిసిపోతోంది. కుర్రాళ్ళంతా చుట్టూ మూగారు. గరిడీ వదిలి వెళ్ళిపోదామని ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

అప్పుడు తొట్టిలో చిన్న చప్పుడైంది.

పచ్చటి నీళ్ళలోంచి ఒక బుడగ లేచి పగిలింది. దాని వెనకాల ఇంకొకటి. తరవాత వరసగా, సన్నగా, దారానికి గుచ్చినట్టు.

గవర్రాజు వేసిన అడుగు అక్కడే ఉండిపోయింది. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు వాటంతటవే నీళ్ళలోకి వెళ్ళాయి. వస్తాదు తన చేతులు తీసేశాడు. గవర్రాజు కర్రని కొద్దిగా జరిపాడు, తిప్పాడు, మళ్ళీ కొద్దిగా జరిపాడు. బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో అక్కడ బొటనవేలు పెట్టి నొక్కాడు. ఆగిపోయాయి. వేలు తీశాడు. మళ్ళీ వచ్చాయి.

కర్ర బయటికి తీసి ఎండలో పెట్టి చూశాడు. కణుపు నుంచి కణుపు దాకా వెంట్రుకంత చీలిక. అది నిన్నా మొన్నటిది కాదు. దాని లోపల కూడా పసుపు పట్టి ఉంది. గట్టిగా ఒక్క దెబ్బ పడితే పేళ్ళుగా లేచిపోతుంది.

వాడు తలెత్తి లోవరాజు వైపు చూశాడు. లోవరాజు పక్కనే నిలబడి శనగలు నముల్తున్నాడు. చీలిక చూసి నమలడం ఆపాడు. చెయ్యి తనంతట తానే కణత మీదికి వెళ్ళింది. బెత్తెడు దూరం.

"జలుబు కాదన్నమాట బావా" అన్నాడు నెమ్మదిగా.

గవర్రాజు చీలిక మీద బొటనవేలు అలాగే ఉంచి వస్తాదు వైపు తిరిగాడు.  వాడు అడిగింది అక్కడ ఎవరూ అనుకోనిది.

"గురువుగారండీ, కర్ర అద్దుకునేటప్పుడు మేం ఎడమ కన్ను ఎందుకు మూస్తున్నామండి?"

వస్తాదు కొంగు పిండుకుంటున్నాడు. "నన్నడుగుతావేంట్రా? మూసేది మీరు."

"మీరు మూస్తున్నారని మూస్తున్నామండి."

 ఆ కుర్రాళ్ళలో చాలామందికి ఆ పద్ధతి ముందటి కుర్రాళ్ళు నేర్పారు. వాళ్ళకి ఇంకా ముందటివాళ్ళు. వస్తాదుకి ఒక కన్ను లేదని అందరికీ తెలుసు. సలాములో ఎడమ కన్ను మూయాలనీ అందరికీ తెలుసు. ఆ రెండు సంగతులనీ ఇన్నేళ్ళలో ఒక్కడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

వస్తాదు పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆ ఏడు కూడా ఎదటివాడి కర్ర పసుపుతో మా బాగా మెరిసిందిరా" అన్నాడు. "కళ్ళు మూసి అద్దుకున్నాను. ఎడమది మళ్ళీ తెరిచే పని పడలేదు."

కర్ర తీసుకెళ్ళి నూకాలమ్మకి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూసి, పొయ్యిలోకి పనికొస్తుందంటూ లోపలికి పట్టుకుపోయింది. ముందుకర్ర పేరు ఆ పూట ఎవరూ అడగలేదు. గవర్రాజు అసలే అడగలేదు.

మర్నాడు సాయంత్రం బజారు కిటకిటలాడిపోతోంది. డప్పులు ఒక పక్క, సన్నాయి ఒక పక్క. వెనకాల అమ్మవారి పల్లకీ. మేడల మీద ఆడవాళ్ళు, అరుగుల మీద ముసలివాళ్ళు. సోడాకొట్టు ముందు సూరన్న వస్తాదుకి పీట వేశారు. గవర్రాజు జట్టు వెనకాల వట్టి చేతులతో నిలబడ్డాడు. లోవరాజే ముందుకర్ర అయి ఉంటాడనుకున్నాడు. అనుకుంటే పెద్ద బాధ కూడా కలగలేదు.

వస్తాదు జట్టు వైపు చూశాడు. తన ఒడిలో ఉన్న సొంత కర్రని ఎత్తి, గడ్డంతో గవర్రాజుని ముందుకి రమ్మన్నాడు.

గవర్రాజు కదల్లేదు. లోవరాజు వీపు మీద ఒక్కటి చరిచాడు. "వెళ్ళు బావా. నీ కర్రతో కాదుగా, భయమెందుకు?"

అవతలి గట్టు ముందుకర్ర సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు. నిన్నటి దాకా గవర్రాజు మోకాలు ఊగినట్టే వాడి మోకాలు ఊగుతోంది. అవతలి వస్తాదు కూడా ఒకప్పుడు సూరన్న దగ్గర నేర్చుకున్నవాడే. కాబట్టి ఆ కుర్రాడు గవర్రాజు ఇచ్చిన వస్తాదు కర్ర అందుకుని, ఎడమ కన్ను మూసి ఎడమ కంటికి, తరవాత కుడి కంటికి చకచకా అద్దుకుని తిరిగి ఇచ్చేశాడు. తన కర్రని రెండు అరచేతుల మీదా పెట్టి ఇచ్చాడు. దానినిండా ఆయుధపూజ పసుపు, కుంకుమ బొట్లు.

గవర్రాజు దాన్ని కంటి దగ్గరికి తీసుకున్నాడు. రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి. కర్ర నెమ్మదిగా జరిగింది. ఒక కణుపు. ఇంకో కణుపు. డప్పులు జోరందుకున్నాయి. ఈలలు మొదలయ్యాయి.

"ఏంటయ్యా, కర్రకి జాతకం చూస్తున్నావా?" అని అవతలి జట్టులోంచి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు.

గవర్రాజు మెడలో కొత్త తువ్వాలు తీసి, కర్ర మీద పసుపు తుడవడం మొదలెట్టాడు.

"ఏయ్! అమ్మవారి పసుపది!" ఆ కుర్రాడు ఒక అడుగు ముందుకేశాడు. మొహం జేవురించింది.

"నీ కళ్ళు చల్లగుండాలి తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు గవర్రాజు. వాడి బొటనవేలు కణుపు మీద కదులుతూనే ఉంది. మోకాలు ఊగడం లేదు.

డప్పులవాళ్ళు వాయిస్తూ వాయిస్తూ సూరన్న వైపు చూశారు. ఆయన చప్పట్లు కొడితే గాని ఆట మొదలవదు. ఆయన ముందుకి వంగి, ఉన్న ఒక్క కన్నూ చిట్లించాడు.

"ఏరా, సలాము అయిందా?"

"ఇంకా లేదండి" అన్నాడు గవర్రాజు, తల ఎత్తకుండానే.